డెబ్బై అయిదు కిలోల మనిషి

నోట్లో మేకులు పెట్టుకుని నవ్వకూడదు. సోఫాలు కుట్టేవాళ్ళు మొదటి వారంలో నేర్చుకునే సంగతి అది. ముప్పై ఏళ్ళుగా ఆ పనే చేస్తున్న నేను ఆ రోజు మరిచిపోయాను.

క్రిస్మస్‌కి ఇంకా పది రోజులుంది. మా మాంగెరెలో క్రిస్మస్ నడివేసవిలో వస్తుంది, ఎండ చెలరేగిపోతోంది. గ్యారేజీ తలుపు పైకెత్తి, ఎవరిదో మూడు సీట్ల సోఫాని బోర్లా తిప్పి, అడుగున తెగిన పట్టీలు లాగుతున్నాను. ఉన్నట్టుండి చీకటి పడింది.

"పక్కకి జరగమ్మా, వెలుతురు" అన్నాను తలెత్తకుండానే. గ్యారేజీ వెలుతురుకి నిండా అడ్డం రాగలిగింది మా ఇంట్లో ఆలిసి ఒక్కతే.

జరిగింది. జరిగి, "నాన్నా, నేను మోటార్‌సైకిల్ నేర్చుకుంటా" అంది.

నవ్వొచ్చింది. మేకు పెదవిలో దిగింది.

నెత్తురు తుడుచుకుంటూ చూశాను. నవ్వడం లేదు నా కూతురు. ఇరవై రెండేళ్ళది. ఆరడుగుల పైన మరో వేలెడు, దానికి తగ్గ ఒళ్ళు. మా వంశంలో సన్నటివాళ్ళు పాత ఫొటోల్లో కూడా కనిపించరు. అయినా మా ఇంట్లో అందరిలోకీ తనే పెద్ద విగ్రహం. కిందటేడు నర్సింగ్ కాలేజీలో చేరి సగంలో మానేసింది. చదువు తలకెక్కడం లేదంది. అప్పట్నించీ మా వీధి చివర మొక్కలమ్మే తోటలో కుండీలకి మట్టి నింపుతోంది. బద్ధకం అనుకున్నాను. ఆ మాట పైకి కూడా అన్నాను, ఒకటి రెండు సార్లు కాదు.

"వ్యాను నడపడం నేర్చుకో. నేర్పిస్తా" అన్నాను.

"మనింట్లో వ్యాను ఒక్కరి చేతికి ఎప్పుడు దొరికింది? నువ్వు సోఫాలేస్తావు. ఆదివారం చర్చికి పదిమంది ఎక్కుతారు."

"బండి ఎందుకసలు?"

"కావాలి."

అంతకుమించి చెప్పలేదు. వాళ్ళమ్మ సులియెటి మాత్రం వంటింట్లోంచే, "తీసుకెళ్ళి చూపించరాదూ! చూస్తే అరిగిపోతాయా బళ్ళు?" అంది. సరే, కుదరదన్న మాట నేనెందుకనాలి, బళ్ళ కొట్టువాడే అంటాడు అనుకుని బయల్దేరాను. నా మనసులో ఉన్నది అదీ.

కొట్టులో నేర్చుకునేవాళ్ళకి చట్టం ఒప్పుకున్న బళ్ళన్నీ ఒక వరసలో నిలబెట్టారు. అమ్మేతను మర్యాదస్తుడే. అన్నిట్లోకీ చిన్నది చూపించి, "ఆడవాళ్ళకి ఇది తేలిగ్గా ఉంటుంది" అన్నాడు. ఆలిసి కాలు అటువేసి కూర్చుంది. వెనక భాగం కూలబడినట్టు కుంగింది. ముందున్న దీపం కప్పుకేసి చూసింది. మోకాళ్ళు మోచేతుల్ని ముట్టుకున్నాయి.

నిమ్మకాయ మీద గుమ్మడికాయ. ఆ పోలిక ముందు నా మనసులోకే వచ్చింది, అబద్ధమాడను. తరవాతే హెల్మెట్ల దగ్గరున్న ఇద్దరు కిసుక్కుమన్నారు.

"మీరు... కారు సంగతి ఆలోచించారా?" అన్నాడతను.

ఆలిసి దిగింది. స్టాండు వేసి, సరిగ్గా ఆనిందో లేదో వంగి చూసుకుంది. "థాంక్యూ" అంది. తిన్నగా బయటికి నడిచింది.

నేను వచ్చిన పని అయింది. మరి నా చెవులెందుకు కాలుతున్నాయో తెలియలేదు. వ్యానులో కూర్చున్నాక సర్దిచెప్పబోయాను.

"పోనీలేమ్మా. బస్సుంది కదా ఎక్కడికైనా..."

"బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటుంది నాన్నా." కిటికీలోంచి బయటికి చూస్తూ అంది. "కిక్కిరిసిన బస్సులో కూడా. నిలబడతారు గానీ కూర్చోరు. ఎవరైనా కూర్చుంటే నేను ఊపిరి బిగబట్టుకుని అద్దానికి అతుక్కుపోవాలి. కాలేజీకి వెళ్ళడం గంటన్నర, రావడం గంటన్నర. అందుకే మానేశా. ఫిబ్రవరిలో మళ్ళీ చేర్చుకుంటామన్నారు." నా వైపు తిరిగింది. "మోటార్‌సైకిల్‌కి పక్క సీటు ఉండదు."

ఇంటికి తిప్పాల్సిన మలుపు దగ్గర తిప్పకుండా తిన్నగా పోనిచ్చాను.

"ఎక్కడికి?"

"పాపకురాకి. అక్కడ మాతెనె అని ఒకడున్నాడు."

మాతెనె మావోరీ మనిషి, ఈ నేలకి మా అందరికంటే ముందొచ్చినవాళ్ళలో ఒకడు. మెడదాకా తెల్లగడ్డం, చేతులకి ఎప్పుడూ నల్లనూనె. బళ్ళ స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు సరిచేస్తాడు. తన బళ్ళకి సీటు చిరిగినప్పుడల్లా రెక్సిన్ కుట్టించుకోవడానికి నా దగ్గరికొస్తాడు. విషయం చెప్తే ఆలిసిని ఎగాదిగా చూడలేదు. "కాలు పొడవెంత?" అన్నాడు.

నా జేబులో టేపు ఎప్పుడూ ఉంటుంది. తీసి కొలిచాను. మాతెనె ఈలవేశాడు. "ఇంత కాలు పెట్టుకుని ఆ బుల్లిబళ్ళ మీద ఎవడు కూర్చోమన్నాడమ్మా నిన్ను?"

షెడ్డు వెనక గుడ్డ కప్పిన బండి ఒకటుంది. గుడ్డ లాగాడు. ఎత్తుబండి. వెలసిన ఆకుపచ్చ రంగు. ఎవరో రైతు గొర్రెల మళ్ళలో తిప్పి వదిలేసింది.

"ఆరువందల యాభై సీసీ" అన్నాడు.

"నేర్చుకునేవాళ్ళకి అంత పెద్దదా?"

"అంకె పెద్దది, గుండె మెత్తనిది అన్నా. చట్టానికి కావలసింది బరువుకి తగ్గ బలం. ఇది ఆ జాబితాలో ఉంది. ఎక్కమ్మా."

ఎక్కింది. రెండు పాదాలూ నేలకి నిండుగా ఆనాయి. మోకాళ్ళు మోకాళ్ళుండాల్సిన చోట ఉన్నాయి. మొదటిసారి ఆలిసి నడుము నిటారుగా నిలవడం చూశాను. వెనక మాత్రం ఇదీ కుంగింది, ఆ కొట్టుబండి అంత కాకపోయినా.

"అదిగో, దాని పని నేను చూస్తా" అన్నాడు మాతెనె. "ఫ్యాక్టరీవాళ్ళ లెక్కలో బండి ఎక్కేది ఎప్పుడూ డెబ్బై అయిదు కిలోల మనిషి. ప్రతి స్ప్రింగూ అతని కోసమే చేస్తారు. నలభై ఏళ్ళయింది ఈ షెడ్డు పెట్టి. ఆ మనిషి ఒక్కసారీ రాలేదు."

"సోఫా కంపెనీలకీ అతనే!" అన్నాను. నాకు తెలియకుండానే గొంతు లేచింది. "కొట్టులో అతను కూర్చుని బాగుందంటాడు. ఇంటికొచ్చాక మావాళ్ళు కూర్చుంటారు. అందుకే నాకు తిండి దొరుకుతోంది."

"ఇంకేం మరి! మీ నాన్న స్ప్రింగుల మనిషేనమ్మా" అని ఆలిసి భుజం తట్టాడు. "వెనకా ముందూ గట్టి స్ప్రింగులు, ముందు చక్రం ఫోర్కుల్లో చిక్కటి నూనె. హ్యాండిల్ రెండు వేళ్ళు పైకీ కాస్త వెనక్కీ. ఫుట్‌రెస్టులు కిందికి దించి వెడల్పు చెయ్యాలి. ఈ పాదానికి గేరు రాడ్డు కూడా పొడిగించాలి. అవన్నీ నావి. సీటు నీది."

బండికి బదులుగా వాళ్ళ మరాయెలో, అంటే మావోరీలందరూ కలిసే సభాస్థలంలో, భోజనాల హాలు కుర్చీలన్నిటికీ కొత్త గుడ్డ వేస్తానని చెయ్యి కలిపాను. ఇంట్లో అడగలేదు. అడగాలని తోచలేదు.

ఆ రాత్రే మా అక్కయ్య వికాకి కబురు అందిపోయింది. మా చర్చిలో కబుర్లకి రెక్కలు అక్కర్లేదు, పాటల బృందం చాలు. ఆ బృందానికి పెద్ద ఆవిడే.

టోంగావాళ్ళ ఇళ్ళలో మేనత్త మాటకి తిరుగులేదు. తమ్ముడి పిల్లల మీద తమ్ముడికంటే ఆవిడకే ఎక్కువ హక్కు. వికా అక్కయ్య వద్దంటే బండి మళ్ళీ గుడ్డ కప్పుకోవాల్సిందే. జనవరి మొదటి శనివారం వస్తానని చెప్పి పంపింది. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆ శనివారం బండి మా గ్యారేజీలోనే ఉంది, చెక్కదిమ్మ మీద. పాత సీటు ఊడదీసి ఫోమంతా బయట పడేశాను. మాతెనె ఒక కాగితం పంపాడు. స్ప్రింగులు తయారుచేసేవాళ్ళకి పంపాల్సింది. దాని మీద తాటికాయంత అక్షరాలతో రాశాడు: "అసలు బరువు రాయాలి. చర్చికి చెప్పే బరువు కాదు."

ఆలిసి స్టూలు మీద కూర్చుని పాత బోల్టులు తుడుస్తోంది. కాగితం నా చేతిలో ఉంది. ఆ ఒక్క ప్రశ్న ఎలా అడగాలో తెలియలేదు. ఆ అంకె ఇంట్లో ఎవరం ఎప్పుడూ అడగలేదు, తను ఎప్పుడూ చెప్పలేదు. బాత్రూంలో తూకం మిషను కూడా నాలుగేళ్ళ కిందట ఎటో మాయమైంది.

అప్పుడే వికా అక్కయ్య వచ్చింది. మా టోంగా ఆచారం ప్రకారం నడుముకి చాప చుట్టుకుని, చేతిలో విసనకర్రతో, చర్చికి వచ్చినట్టే వచ్చింది. గుమ్మంలో ఆగింది. విసురుకుంటూ నిలబడింది. ఆవిడ ముందు అడగడం మరీ కష్టం. కానీ ఆ పూటే పంపకపోతే స్ప్రింగులు ఫిబ్రవరికి అందవు.

"ఆలిసీ" అన్నాను. "స్ప్రింగుకి బరువు కావాలి."

బోల్టు తుడిచే చెయ్యి ఆగింది. ఒకసారి మేనత్తకేసి చూసింది. ఒకసారి బండికేసి చూసింది.

"నూట ముప్పై ఎనిమిది" అంది.

సుద్దముక్క తీసుకున్నాను. గోడ మీది పలక మీద, ఫోము మందం, రెక్సిన్ వెడల్పు రాసుకున్న చోటే, వాటి కింద రాశాను. నూట ముప్పై ఎనిమిది.

"హెల్మెట్టూ బూట్లూ కలిపా, కలపకుండానా?"

"కలపకుండా."

"ఆ జాకెట్టు బరువెక్కువ. తొమ్మిది కిలోలు వేసుకుందామా?"

"ఎనిమిది చాలు నాన్నా."

ఎనిమిది రాశాను. కూడి నూట నలభై ఆరు వేసి, కింద గీత గీశాను. సుద్ద కిర్రుమంది.

గుమ్మంలో విసనకర్ర ఆగింది. వికా అక్కయ్య నెమ్మదిగా లోపలికొచ్చి, నేను బాగుచేసి పెట్టిన సోఫాలో కూలబడింది. ఒకసారి పైకీ కిందికీ ఊగి చూసుకుంది.

"ఒరేయ్ ఫెలెటీ."

"అక్కా."

"నాది నూట నలభై ఆరు. ఈ సోఫాకి నువ్వేసిన స్ప్రింగేదో అదే వెయ్యి పిల్లకి. ఇది కుంగడంలేదు."

ఆలిసి ముందు చేత్తో నోరు మూసుకుంది. తరవాత మూసుకోలేకపోయింది. నవ్వు గ్యారేజీ దాటి వీధిలోకి పోయింది. సులియెటి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి, ఏమైందో తెలుసుకుని, "నాది తొంభై ఎనిమిదే" అంది గర్వంగా. "పాపం, తిండి సరిపోతున్నట్టు లేదు" అంది అక్కయ్య. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి నాకు వేలు చూపించింది. "ఆదివారం మాత్రం ఎవరూ దాన్ని ముట్టుకోకూడదు. విన్నావా?"

విన్నాను. కానీ మరుసటి ఆదివారమే ప్రార్థన అయ్యాక, చర్చి బట్టలతోనే గ్యారేజీలోకి దూరి సీటు ఫోముని బొటనవేలితో నొక్కి చూస్తుంటే సులియెటి పట్టుకుంది. "దేవుడు చూస్తున్నాడయ్యా" అంది. "ఆయనకీ తెలియాలిగా, గట్టిగా ఉందో లేదో" అన్నాను. నాకేమైందో నాకే తెలియదు. పొద్దున లేస్తే బండి, అన్నం ముందు బండి. ఇంట్లో తండ్రీకూతుళ్ళం అంతకుముందు రోజుకి పది మాటలు మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఇప్పుడు చేమదుంప నోట్లో పెట్టుకుని హ్యాండిల్ ఎత్తు గురించి దెబ్బలాడుకుంటున్నాం.

మొదటి సీటు చూసి నేను పొంగిపోయాను. ముప్పై ఏళ్ళ పనితనమంతా పోశాను అందులో. వెన్నముద్ద. మాతెనె వాళ్ళ తమ్ముడికి కరాకాలో గుర్రాల మేతపొలం ఉంది. లైసెన్సు లేనివాళ్ళు రోడ్డెక్కకూడదు గనక బండిని ట్రైలరు మీద అక్కడికి తీసుకెళ్ళి తిప్పేవాళ్ళం. ఆలిసి ఇరవై నిమిషాలు తిరిగొచ్చి దిగబోయి కంచె పట్టుకుంది.

"కాళ్ళు తిమ్మిరెక్కాయి నాన్నా. నాకు కాళ్ళున్నట్టే లేదు."

"మెత్తగా లేదూ?"

"మెత్తగానే ఉంది. మునిగిపోతున్నా."

నా ముఖం వాడిపోయింది. మాతెనె గడ్డం గోక్కుంటూ, "అన్నా, సోఫాలో మనిషి వాలిపోతాడు. బండి మీద మనిషి సగం నిలబడే కూర్చుంటాడు. మెత్తదనం కాదు, ఆనుడు కావాలి" అన్నాడు. కోపం వచ్చింది గానీ నిజమే. ఇంటికెళ్ళి మొత్తం చింపేశాను. ఈసారి అడుగున రాయిలాంటి ఫోము వేసి, పైన పలుచగా ఒక పొర వేశాను. వెనక వెడల్పుగా బల్లలా చదును చేశాను. ముందు సన్నగా చెక్కాను, కాళ్ళు నేలకి తిన్నగా దిగడానికి. మూడోసారికి కుదిరింది.

స్ప్రింగులు జనవరి చివర్లో వచ్చాయి. నా చిటికెనవేలంత మందం ఉంది తీగ. బిగించిన రోజు కరాకా పొలంలో మాతెనె వెనక ఇరుసు నుంచి బండి తోక మీది సుద్దగీత దాకా ముందు ఎవరూ ఎక్కకుండా కొలిచాడు. తరవాత ఆలిసిని హెల్మెట్టూ బూట్లూ వేసుకుని ఎక్కమన్నాడు. టేపు ఒక చివర నేను పట్టుకున్నాను. పాత స్ప్రింగుకి నూట పది మిల్లీమీటర్లు కుంగేది; డెబ్బై లోపు రావాలన్నాడు.

"ఎంత కుంగింది?" అన్నాడు.

కళ్ళద్దాలు సరిచేసుకుని మళ్ళీ చూశాను. "అరవై ఆరు."

"ఇంకోసారి చెప్పు!"

"అరవై ఆరు!"

మాతెనె టేపు వదిలేసి రెండు చేతులూ పైకెత్తాడు. నేనూ ఎత్తాను. గుర్రాలు బెదిరి పొలం అవతలికి పరుగెత్తాయి. దీపం ఇప్పుడు ఆకాశాన్ని చూడటం లేదు, దారిని చూస్తోంది. ఆలిసి స్టార్ట్ చేసి కంచె పొడవునా వెళ్ళి మలుపు తిప్పింది. అంతకుముందు మలుపులో ఊగిసలాడే బండి ఈసారి గీత గీసినట్టు తిరిగింది. గడ్డి గుంటలో పడి లేచినా వెనక కొట్టుకోలేదు. మూడు చుట్లు తిరిగి మా ముందు ఆపి, హెల్మెట్టు తీసి, రొప్పుతూ అంది: "ఇది నా కింద లేనట్టుంది నాన్నా. నాతో ఉన్నట్టుంది."

లైసెన్సుకి ముందు బండి పట్టు చూసే పరీక్ష ఒకటుంటుంది. ఫిబ్రవరి రెండో వారం, ఒక బడి ఖాళీ పార్కింగులో. పరీక్ష పెట్టే గ్లెనిస్ అరవై ఏళ్ళ మనిషి, ఎండుకట్టెలా ఉంటుంది. తన చిన్నబండి ఇవ్వబోయి, మా ట్రైలరు మీదున్నదాన్ని చూసి ఆగింది. చుట్టూ తిరిగింది. సీటు నొక్కింది.

"ఎవరు చేశారిది?"

"మా నాన్న."

"హుఁ" అని రాసుకుంది.

వరసగా నిలబెట్టిన కోన్‌ల మధ్య మెలికలు తిరగడం అయింది. నిదానంగా వెనక్కి తిరిగే మలుపులో ఆలిసి కాలు కింద పెట్టింది. అలా కాలు ఆనిస్తే తప్పు కింద లెక్క. గ్లెనిస్ ముఖంలో ఏ మార్పూ లేకుండా, "ఇంకోసారి. ఈసారి నేలకేసి కాదు, వెళ్ళాల్సిన చోటుకేసి చూడు" అంది. చూసింది. తిరిగింది. మిగిలింది ఠక్కున ఆపడం. పార్కింగు ఆ చివర నుంచి వేగంగా వస్తోంది నూట నలభై ఆరు కిలోల నా కూతురు. గ్లెనిస్ చెయ్యెత్తింది. నేను కళ్ళు మూసుకున్నాను. మాతో వచ్చిన సులియెటి నా మణికట్టు నలిపేసింది. టైరు ఒక్కసారి కీచుమంది, అంతే. కళ్ళు తెరిచేసరికి బండి గీతకి ఇవతలే ఉంది, గుర్రంలా ముక్కు దించి మళ్ళీ ఎత్తుతూ.

"పాస్" అంది గ్లెనిస్. కాగితం మీద సంతకం పెట్టి, ఇచ్చేముందు ఆలిసితో మెల్లగా అంది: "నాకా పొడుగు కాళ్ళుంటే ఏం చేసేదాన్నో తెలుసా!"

ఆ వారంలోనే రాతపరీక్ష కూడా అయిపోయింది. వెనక పసుపు ఎల్ పలక నేనే బిగించాను. ఎక్కడ ఊడిపోతుందోనని నాలుగు మరలు వేశాను.

కాలేజీ తెరిచింది ఫిబ్రవరి ఆఖరి సోమవారం. ఏడింటికి ఆలిసి సంచీ భుజానికి వేసుకుని, వాళ్ళమ్మకి ముద్దు పెట్టి, నాకు తలూపి బయల్దేరింది. వీధి మలుపు తిరగ్గానే నేను వ్యాను తాళాలు తీశాను.

"ఎక్కడికీ?" అంది సులియెటి.

"రొట్టెకి."

వెంటపడటం నా ఉద్దేశం కాదు. ఒక్క మోటార్‌వే ఎక్కేదాకా చూసి వచ్చేద్దామనుకున్నాను. మూడు కార్ల వెనక జాగ్రత్తగా పోతున్నాను. ఆకుపచ్చ బండి, దాని మీద నిటారుగా ఆ వీపు, ఎంత దూరం నుంచైనా కనిపిస్తోంది. మోటార్‌వే ముందు కూడలిలో ఎర్రలైటు పడింది. నా ముందున్న కార్లు ఎడమకి తప్పుకున్నాయి. ఏం జరిగిందో గ్రహించేలోపే వ్యాను ఆమె పక్కనే వచ్చి ఆగింది.

నేను తిన్నగా ముందుకే చూస్తూ కూర్చున్నాను. హెల్మెట్టు ఇటు తిరిగింది. అద్దం పైకి లేచింది.

"నాన్నా."

"ఊఁ."

"ఎక్కడికి?"

"రొట్టెకి."

"కొట్టు మన వీధిలోనే ఉంది."

"అక్కడ అయిపోయాయి."

"ఏడింటికే?"

ఆమె కళ్ళు నవ్వాయి. లైటు మారింది. అద్దం దించుకుంది. బండి ఒక్క గురక పెట్టి ముందుకి దూకింది. ఒకటి, రెండు, మూడు, గేర్లు పడటం వినిపిస్తోంది. ఒక్కటీ తడబడలేదు. వెనకవాళ్ళు హారన్ మోగిస్తే గానీ నేను కదల్లేదు. కదిలాక తెలిసింది, నేనున్న వరస కూడా మోటార్‌వే మీదికే పోతుందని.

ఎక్కాను. ఎడమవైపు ఆటుకి సముద్రం వెనక్కి పోయి బురద మెరుస్తోంది. ముందు బండి చిన్నదవుతోంది. ఒక లారీని దాటింది. ఒక బస్సుని దాటింది. తరవాతి దిగుడు దగ్గర దిగిపోవాలి అనుకున్నాను. దిగలేదు. ఆ తరవాతి దాంట్లోనూ దిగలేదు.